వర్తకుడూ, అతని కాలమూ

 



ఈ మస్జిదులో ఇప్పుడు కూర్చున్నవారిలో అధికులు వర్తకులు. బట్టల దుకాణం, కిరాణా, బేకరీ, పండ్ల బండి, టైర్ల మరమ్మతు... ఏదో ఒకదాని షట్టరు సగం దించి వచ్చినవారే. కొందరి దేహం ఇక్కడ, మనసు గల్లాపెట్టె దగ్గర ఉన్నదని మాకు తెలుసు. ఇది కొత్త సంగతి కాదు. మదీనాలో స్వయంగా దైవప్రవక్త (స) జుమా నాడు ప్రసంగిస్తుండగా సరుకుల బిడారు వచ్చిందని తెలిసి జనం అటు పరుగెత్తారు. ఆయన వద్ద పన్నెండు మంది మాత్రమే మిగిలారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. జుముఆ సూరాలోని చివరి ఆయతు ఆ సందర్భంలోనే అవతరించింది.

అయితే ఆ సూరాలో అల్లాహ్ వ్యాపారాన్ని మానుకోమని ఆదేశించలేదు. అజాన్ పిలుపు వినిపించగానే క్రయవిక్రయాలు విడిచి రమ్మన్నాడు. నమాజు పూర్తయ్యాక భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమన్నాడు. ముందు వ్యాపారం, వెనుక వ్యాపారం, నడుమ ఒక విరామం. ఆ విరామాన్ని మనం నష్టం ఖాతాలో వ్రాసుకుంటాము. అల్లాహ్ దానిని మనకు మేలైనదిగా పేర్కొన్నాడు.

కాలాన్ని గురించి ప్రసంగించేవారంతా అస్ర్ సూరాతో ఆరంభిస్తారు. అది మీకు కంఠస్థమే. నేడు మేము వర్తకుల భాషలోనే ఉన్న ఒక హదీసును జ్ఞాపకం చేయదలిచాము. రెండు అనుగ్రహాల విషయంలో అనేకులు నష్టపోతున్నారని దైవప్రవక్త (స) హెచ్చరించారు: ఒకటి ఆరోగ్యం, రెండవది తీరిక. అక్కడ ఆయన నోట వెలువడిన ‘మగ్బూన్’ అనే పదం బజారుకు చెందినది. బేరంలో మోసపోయినవాడు, తన సరుకు విలువ తెలియక చౌకగా పోగొట్టుకున్నవాడు అని దాని భావం. మీటరుకు ఒక్క రూపాయి తగ్గించమని టోకు వ్యాపారితో గంటసేపు వాదించే మనం, ఆ గంటను ఎంతకు అమ్ముకున్నామో ఎన్నడైనా లెక్కచూశామా?

మాకు తెలిసిన ఒక బట్టల వర్తకుడు ఉండేవారు. నిజాయితీపరుడు. ఉదయం తొమ్మిదికి గద్దెపై కూర్చుంటే రాత్రి పదకొండుకు లేచేవారు. అరువు ఎవరికిచ్చారో, సరుకు ఎవరి వద్ద తెచ్చారో అంతా ఆయన జ్ఞాపకంలోనే ఉండేది. అది ఆయనకు గర్వకారణం కూడా. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. బాకీ రావలసినవారు మూడవ రోజునే వచ్చారు. బాకీ ఇవ్వవలసినవారిలో వచ్చినవారు బహు తక్కువ. కుమారులు ఇద్దరూ చదువుకున్నవారే, కానీ దుకాణంలో ఏ అర దేనికో వారికి తెలియదు. ఆరు నెలలకు షట్టరు పడింది. ఏడాది తిరగకముందే ఆయన జనాజా మా ముందుకు వచ్చింది. నమాజుకు ముందు అప్పుల సంగతి అడగడం సున్నతు గనుక అడిగాము. పెద్దకుమారుడు తల వంచి, ఉన్నాయనీ, ఎంతో తనకు తెలియదనీ అన్నాడు.

ఆయన సోమరి కాదు, సోదరులారా! రోజుకు పద్నాలుగు గంటలు కష్టపడినవారు. ఆ పద్నాలుగు గంటలలో ఒక్క అరగంట పుస్తకానికి దొరకలేదు. దివ్యఖుర్ఆన్‌లోని అన్నింటికంటే దీర్ఘమైన ఆయతు దేని గురించో మీకు తెలుసు: బఖరా సూరాలోని 282వది, అప్పు పత్రం గురించి. గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకున్న రుణం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని అందులో ఆదేశం ఉన్నది. విసుగు అన్న మాటనే గమనించండి. వ్రాయకపోవడానికి మనం చెప్పే సాకు ఏమిటో మన సృష్టికర్తకు ముందే తెలుసు.

ఇక రెండవ పొరపాటు, అంతా మన చేతిమీదనే జరగాలనుకోవడం. హజ్రత్ ఉమర్ (రజి)కి మదీనా శివారులో అన్సారీ పొరుగువారొకరు ఉండేవారు. దైవప్రవక్త (స) సన్నిధికి ఒకనాడు ఆయన, ఒకనాడు ఈయన వంతులవారీగా వెళ్లేవారు. వెళ్లినవారు ఆ నాటి విశేషాలన్నీ తిరిగివచ్చి రెండవవారికి వినిపించేవారు. జీవనోపాధీ ఆగలేదు, విద్యా ఆగలేదు. మన తల్లి హజ్రత్ ఖదీజా (రజి) అయితే బిడారుల వెంట తాను వెళ్లకుండానే, నమ్మకస్థులకు సరుకు అప్పగించి, లాభంలో వాటా ఇచ్చి సిరియా వరకు వర్తకం నడిపారు. మనమో, టీ తాగడానికి వెళ్లినా గల్లా తాళంచెవి జేబులో వేసుకొని వెళతాము!

ఈ అరగంట ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. తన సముదాయానికి ఉదయవేళలో శుభం ప్రసాదించమని దైవప్రవక్త (స) ప్రార్థించారు. ఆ హదీసును ఉల్లేఖించిన సఖ్ర్ (రజి) వర్తకులు. తన సరుకును పొద్దు తొలిభాగంలోనే పంపేవారు, సంపన్నులయ్యారు. ఫజ్ర్ తర్వాత గిరాకీ రాదు, టోకు వ్యాపారి ఫోను మోగదు. లెక్కలకు అంతకంటే ప్రశాంత సమయం లేదు. అయితే ఆ సమయాన్ని మనలో కొందరు నిద్రకు, మరికొందరు వాట్సాప్‌కు ధారపోస్తున్నారు. మేమూ ఇందుకు అతీతులం కాము. ఒకనాడు లెక్కపెట్టుకుంటే, ఇతరులు పంపిన సలహాలు చదవడంలోనే నలభై నిమిషాలు గడిచిపోయాయి.

2020 సంవత్సరాన్ని మీరు మరచి ఉండరు. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 25న రమజాన్ వచ్చింది. ఏడాది వ్యాపారాన్ని ఆ ఒక్క నెలపై నిలుపుకున్న బట్టలవారు, గాజులవారు పండుగ కోసం తెచ్చిన సరుకును మూటల్లోనే ఉంచుకున్నారు. ఆ దెబ్బకు దుకాణాలు మూతపడినవారిని నిందించడం మా ఉద్దేశం కాదు; అది పరీక్ష. కానీ హజ్రత్ యూసుఫ్ (అలై) ఏడేళ్ల కరవుకు ఏర్పాటు చేసింది కరవులో కాదు, పంటలు పండిన ఏడేళ్లలో. అన్నీ పోయినా తిరిగి నిలబడవచ్చుననడానికి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఉన్నారు. మక్కాలో సర్వం వదిలి వచ్చిన ఆయనకు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దీవించి, బజారుకు దారి చూపమన్నారు; వెన్న, ఎండు పెరుగు ముద్దలతో వ్యాపారం ఆరంభించారు. ఆస్తి పోయింది గానీ, వర్తకం తెలిసిన బుద్ధి, పొద్దున్నే బజారుకు వెళ్లే అలవాటు ఆయన వెంటనే ఉన్నాయి.

నేడు నమాజు అనంతరం షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఒక కాగితం తీసుకోండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుండి ఎంత రావాలో, ఎన్నటికో వ్రాయండి. కుమారుడినో, భార్యనో, సోదరుడినో పక్కన కూర్చోబెట్టుకొని వారి చేత బిగ్గరగా చదివించండి. అర్థంకానిచోట వారు అడుగుతారు, విసుక్కోకండి. చదువురాని సోదరులు ఎవరైనా ఉంటే అస్ర్ తర్వాత రండి. వుజూఖానా పక్క అరుగుపై మేము కూర్చుని ఉంటాము. మీరు చెప్పండి, మేము వ్రాసిపెడతాము. ఇద్దరు సాక్షులను మాత్రం మీరే తెచ్చుకోవాలి.