ట్యాబు మన ఇంటికొచ్చింది



2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబు అంటే వెలిగే పలక. దాంట్లోంచి పాఠమూ వస్తుంది, మోసమూ వస్తుంది.

"నాకేం తెలుసు" అనకండి. మీకిప్పుడు చదువొచ్చింది కదా! బిడ్డను మూల గదిలో కాదు, మీ కళ్లముందు కూర్చోబెట్టండి. తెర మీద ఏముందో కూడబలుక్కుని అయినా చదవండి.

"మీకు బహుమతి వచ్చింది. ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు చెప్పండి" అని ఉందా? చెప్పనివ్వకండి. చెబితే బ్యాంకులో మీరు దాచుకున్న డబ్బు పోతుంది. పోయిందా, ఆ నిమిషమే 1930కి ఫోను చేయండి.

ఎవరైనా ఫొటో పంపమన్నా, బెదిరించినా, బిడ్డ ముందుగా మీకే చెప్పాలి. చెప్పినప్పుడు కొట్టకండి, తిట్టకండి. కొడితే ఇంకోసారి చెప్పదు, దాస్తుంది.

ఈ రాత్రే బిడ్డ పక్కన కూర్చోండి. "ఇదేంటి, నాకూ చెప్పు" అని అడగండి.