పెరటి పందిరి, సూర్యశక్తి



1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలి, మనమున్న భాగము మైసూరులో చేరినది. ఎల్లలు మారినను తాతలు కట్టిన మట్టి మిద్దెలను మనము విడువలేదు. నేడు సౌరఫలకములకై వానిని కూల్చి కాంక్రీటు కప్పు వేయనక్కరలేదు. మిద్దెకు రంధ్రములు చేసిన వాన కారును. కావున పెరటిలో ఇనుప స్తంభములపై పందిరి లేపి, ఫలకములనే కప్పుగా పఱచుదము.

మన ఊరి అక్షాంశము 15 డిగ్రీలు. దక్షిణమునకు అంతే వాలు చాలును. గాలి క్రిందినుండి ఎత్తును గనుక పునాదులు గట్టిగా వేయుదము. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది.

పెరటిలో నీడ, ఇంట వెలుగు, తాతల మిద్దె: మూడింటిని దక్కించుకొందము.