తిరిగి వచ్చిన ఒక్కడు
(శతవార్షిక కృతజ్ఞతా కూడికలలో చేసిన ప్రసంగ పాఠము)

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీకందరికీ వందనాలు.

ఇప్పుడు మేము అన్న ఈ మాటతోనే ప్రసంగము మొదలుపెట్టవచ్చును. తెలుగు క్రైస్తవుల నోట "వందనాలు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. కనబడితే వందనాలు, సెలవు తీసుకుంటే వందనాలు, ప్రార్థన ముగిస్తే వందనాలు. మాట మంచిదే. అయితే ఎక్కువగా వాడిన నాణెము అరిగిపోయి బొమ్మ కనబడనట్లు, ఈ మాట కూడా మన నోట అరిగిపోయిందేమో చూచుకొనవలసిన సమయము ఇది. శతవార్షికోత్సవమంటే కృతజ్ఞతా పండుగే గదా!

లూకా సువార్త 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగుల సంగతి మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. యాజకులకు కనబరచుకొనుడని ప్రభువు చెప్పాడు. పదిమందీ బయలుదేరారు, దారిలోనే పదిమందీ బాగుపడ్డారు. తొమ్మిదిమంది తప్పుపని ఏమీ చేయలేదు. చెప్పిన చోటికే పోతున్నారు. కాని ఒక్కడు నడిచిన దారినంతా మళ్లీ వెనక్కి నడిచాడు. వాడు సమరయుడు, అనగా పరాయివాడు. కృతజ్ఞత అంటే ఇదే: మేలు ఎక్కడనుండి వచ్చిందో అక్కడి దాకా తిరిగి నడవడము. అందుకు కాస్త సమయము పడుతుంది, కాళ్లకు శ్రమ కలుగుతుంది.

మన ఊరి దారినే ఒకసారి వెనక్కి నడుద్దాము. ఒకప్పుడు కందిమల్లాయపల్లె అని పేరున్న ఈ బ్రహ్మంగారిమఠము ప్రక్కన బ్రహ్మంసాగరము ఉన్నది. కరువులకు పేరుపడిన మన సీమలో ఇంత నీటిని చూడగలగడమే ఒక మేలు. ఈ నీరు ఎక్కడిది? 1983లో ప్రారంభమైన తెలుగుగంగ పథకము ద్వారా శ్రీశైలము జలాశయము నుండి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా వచ్చిన కృష్ణ నీరు. అదే పథకము వలన 1996లో కృష్ణ నీరు తమిళనాడులోని పూండి వరకు చేరింది. ఇంకా వెనక్కి పోదాము. 1981లో శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. ఇండ్లు, పొలాలు, పెద్దల సమాధులు, దేవాలయాలు అన్నీ నీటి క్రిందికి పోయాయి. సంగమేశ్వరము గుడి నేటికీ నీరు తగ్గిన ఎండకాలములోనే బయట పడుతుంది.

మనము కోతపండుగనాడు వడ్లు, వేరుశనగ, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠము ముందు పెట్టి, వర్షమిచ్చిన దేవునికి స్తోత్రము చేస్తాము. చేయవలసిందే. అయితే ఆ పంటకు తడి అందడానికి తమ ఊరినే పోగొట్టుకొన్నవారిని ఆ ప్రార్థనలో ఎన్నిసార్లు తలచుకొన్నాము? దేవునికి వందనాలు చెప్పి మనుష్యులను మరచిపోతే, తిరుగుదారిలో సగము దూరమే నడిచినట్లు.

కృతజ్ఞతను పంచుకోవడమెట్లాగో మన జిల్లా కేంద్రమే చూపించింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరగారు 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చి, పండితులకు జీతాలిచ్చి, చెదలుపట్టి పోతున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి ప్రతులు వ్రాయించారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు. ఆయన పోయిన చాలాకాలానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు మొదలైన పెద్దలు పట్టుబట్టి, ఆయన బంగళా ఉన్న స్థలములోనే గ్రంథాలయము నిలబెట్టారు. శిలావిగ్రహముతో సరిపెట్టుకోక, పిల్లలు వచ్చి చదువుకొనే చోటుగా దానిని చేశారు. పుచ్చుకొన్న మేలు అక్కడ మరొకరికి మేలయింది.

ఇక ఒక సంగతి దాపరికము లేకుండా చెప్పుకోవాలి. మన పల్లెలలో కృతజ్ఞత పేరిట బరువు మోయించిన రోజులున్నాయి. "మా ఉప్పు తిన్నారు, విశ్వాసముగా ఉండండి" అని చెప్పి, కూలి తగ్గించి, నోరు మెదపనీయక పని చేయించుకొన్నారు. మన సంఘాలలోని పెద్దలు అనేకులు ఆ మాట విన్నవారే. కూలి దయాధర్మము కాదు, హక్కు. ప్రొద్దు గ్రుంకక ముందే కూలి ఇచ్చివేయవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. ప్రభువు బాగుచేసినవారిని పేరుపెట్టి బెదిరించలేదు. తొమ్మిదిమంది ఎక్కడ అని అడిగాడేగాని వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. గనుక కృతజ్ఞత ఇవ్వవలసిందే తప్ప వసూలు చేసేది కాదు. ఈనాడు మనలోనూ నలుగురికి పని ఇచ్చేవారున్నారు. వారూ ఈ మాట జ్ఞాపకముంచుకోవాలి.

మరి ప్రతిదినము ఏమి చేద్దాము? మొదట ఇంటిలోనే మొదలుపెడదాము. సంకటి ముద్ద ముందు కన్నులు మూసి ప్రార్థిస్తాము. కన్నులు తెరచిన తరువాత, పొయ్యి దగ్గర చెమటోడ్చిన ఆమె తిన్నదా అని అడుగుదాము. అందరూ తిన్నాక మిగిలినది తినే తల్లికి మన స్తోత్రము వినబడినా కడుపు నిండదు. ఆమెను మనతో కూర్చోబెట్టుకోవడము కూడా ఆరాధనే.

రెండవది, పిడికెడు బియ్యము. వంటకు ముందు పిడికెడు తీసి వేరుగా పెట్టడము తెలుగు సంఘాల స్త్రీలు నడిపిన గొప్ప పరిచర్య. 1912లో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారు పేదవారు కూడా ఇవ్వగలరని, ఇవ్వవలెనని బోధించారు. ఆ పాత్రను మళ్లీ పొయ్యి ప్రక్కన పెట్టుకొందాము. బియ్యము కాకపోతే రాగులు. రాగులు కాకపోతే రోగి ప్రక్కన కూర్చునే ఒక గంట.

మూడవది ఈ శతవార్షిక సంవత్సరములోనే చేయవలసినది. ఉత్సవ సంచికలలో బిషప్పుల పటాలు, మిషనరీల పేర్లు అచ్చవుతాయి. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి అనగానే దానికి పేరునిచ్చిన లండన్ మిషన్ డాక్టరు గారు జ్ఞాపకము వస్తారు. అది న్యాయమే. కాని ఆ వార్డులు కడిగినవారు, రాత్రులు మేలుకొన్న నర్సమ్మలు, చెట్టు క్రింద పలకలు పట్టించి అక్షరాలు దిద్దించిన పల్లె ఉపాధ్యాయులు, కాలినడకన ఇల్లిల్లు తిరిగిన బైబిలు స్త్రీలు, తెల్లవారుజామున గంట కొట్టినవారు ఏ పుటలో ఉన్నారు? వారిని ఎరిగిన ముసలివారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ప్రతి సంఘమూ ఒక నోటుపుస్తకము కొని, యౌవనస్థులను ఆ పెద్దల మంచాల దగ్గరకు పంపి, వారి పేర్లు, చేసిన పని వ్రాయించాలి. వారి పిల్లలు ఎక్కడున్నారో కనుగొని ఒక ఆదివారము పిలిచి, సంఘమంతా లేచి నిలబడి వందనాలు చెప్పాలి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే, చెప్పగలిగినవారు ఉండకపోవచ్చును.

నూరేండ్లు మనము ముందుకే నడిచాము. తిరిగి వచ్చిన ఆ ఒక్కనివలె కొంత దూరము వెనక్కి నడిచే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.