సముద్రం దాటిన పెళ్లికూతురు



ఈవేళ ఒక నవల గురించి చెప్పుకుందాం. పేరు ‘డొమినికానా’. 2019లో ఇంగ్లీషులో వెలువడింది. రచయిత్రి ఏంజీ క్రూజ్, తన తల్లి జీవితం ఆధారంగా ఈ కథ అల్లారు.

కథ 1965 నాటిది. డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశంలో ఆనా ఒక పల్లెటూరి పిల్ల. వయసు 15. న్యూయార్కులో పనిచేసుకుంటున్న, రెట్టింపు వయసు వాడికి ఆమెనిచ్చి చేస్తారు. పిల్లకు ఇష్టం లేదు. పిల్ల అమెరికా చేరితే ఇంటిల్లిపాదీ గట్టెక్కుతారని తల్లి ఆశ.

“అయ్యో, 15 ఏళ్లకే!” అనకండి. అప్పట్లో మన దేశంలోనూ ఆడపిల్ల పెళ్లికి చట్టం చెప్పిన వయసు అంతే. దాన్ని 18 చేసింది 1978లో.

న్యూయార్కులో భర్త గడప దాటొద్దన్నాడు. చెయ్యి కూడా చేసుకున్నాడు. ఎవరితో చెప్పుకుంటుంది? భాష రాదు. చేతిలో పైసా లేదు. పుట్టింటికి నిజం రాస్తే వాళ్ల ఆశలు కూలిపోతాయి. నన్నడిగితే ఈ మూడోదే పెద్ద తాళం. అది కన్నవాళ్లు వేసిన తాళం మరి!

స్వదేశంలో అల్లర్లు రేగి భర్త అక్కడికి వెళ్లినప్పుడు ఆనాకు ఊపిరాడింది. ఇంగ్లీషు నేర్చుకుంది. మన కజ్జికాయల్లా మడిచి, లోపల కూర పెట్టి వేయించిన తినుబండారాలు అమ్మింది. మనం పోపులడబ్బాలో దాచుకున్నట్టు, డబ్బు ఒక బొమ్మలో దాచుకుంది.

మన కృష్ణా డెల్టాకు ఇది దూరపు కథా? గుడివాడ, ఉయ్యూరు వైపు అమెరికా సంబంధమంటే ఎంత మోజో మీకు తెలుసు. మన పిల్లలు డిగ్రీలు చదివినవాళ్లే. అయినా భర్తది హెచ్-1బి వీసా అయితే భార్యకు హెచ్-4 ఇస్తారు. దానితో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015 మే 26 నుంచి కొందరికి అనుమతి ఇస్తున్నారు గాని, అదీ చాలామటుకు భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు సాగాకే. అందాకా బీటెక్ చదివిన పిల్లయినా కూరగాయల డబ్బులకు చెయ్యి చాపాల్సిందే.

సంబంధం చూసేటప్పుడు జీతం, ఇల్లు, కారు అడుగుతాం. పిల్లకు ఏ వీసా వస్తుంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది, తన పేర బ్యాంకు ఖాతా ఉంటుందా అని కూడా అడుగుదాం. పెళ్లి రిజిస్టరు చేయిద్దాం. విమానం ఎక్కించే ముందు, “బాగాలేకపోతే దాచకుండా చెప్పమ్మా, నలుగురి సంగతి మేం చూసుకుంటాం” అని పిల్లతో ఒక్క మాట అందాం.

నవల దొరికితే ఇంగ్లీషు వచ్చిన మీ అమ్మాయి చేత చదివించుకుని వినండి. ఆఖరికి ఆనా ఏం చేసిందో నేను చెప్పను. సెలవు.