ఉభాల రోజులలో తల్లి పని, బిడ్డ పోషణ

(చీపురుపల్లిలో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వరి వంగడములను గురించియో, ఎరువుల మోతాదును గురించియో చెప్పుదునని మీరు వచ్చియుందురు. వానికి మరొక దినము కలదు. ఏ ఊరికి వెళ్ళినను మీరు నన్ను అడుగుచున్న ప్రశ్ననే ఈనాడు తీసుకొనుచున్నాను. ఉభాలకు ఆడకూలీలు ఎందుకు దొరకుట లేదు?

ఇది సేద్యమునకు సంబంధించిన ప్రశ్నయే. చెరువు నిండి దమ్ము పూర్తియగుసరికి నారు 25 రోజులది కావలెను, ఆ వారములోనే నాటు పడవలెను. నారు ముదిరినచో పిలకలు తగ్గును. ముదురు నారును దగ్గర దగ్గరగా, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువగా వేయుడని మేము చెప్పుదుము గాని, దానితో నష్టము తగ్గునే తప్ప తీరదు. ఎకరమునకు 8, 10 మంది కావలెను. అందరు రైతులకును ఒకే వారములో కావలెను.

ఉపాధి హామీ పని వచ్చి కూలీలను సోమరులను చేసినదని కొందరందురు. ఆ మాట నాకు సమ్మతము కాదు. 2006 ఫిబ్రవరిలో ఆ పథకము మొదటి విడతగా ప్రారంభమైన జిల్లాలలో మన విజయనగరము ఒకటి. 2005 నాటి ఆ చట్టములో మూడింట ఒక వంతు పని స్త్రీలకు అని ఉండెను. మగవానికెంత కూలియో ఆడదానికంతే. పని ఊరి దగ్గరనే. పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో, అంతకు మించియో వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి, ఆమెకు కూడ కూలి ఈయవలెనని వ్రాసిరి. ఈ నియమము కాగితము మీదనే నిలిచిన చోట్లు చాలా ఉన్నవి. అయినను, పాలిచ్చు తల్లి మధ్యాహ్నమునకు ఇల్లు చేరగల పని అది. ఆమె అక్కడికి వెళ్ళి మన మడికి రానప్పుడు, సోమరితనము అనుటకు ముందు రెండు పనుల షరతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను.

2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున కొత్త చట్టమును ఆమోదించినది. ఏటా 100 రోజుల పనికి బదులు 125 రోజులు అన్నారు. విత్తుల కాలమునను, కోతల కాలమునను మొత్తము 60 రోజుల వరకు ఆ పనిని ఆపుటకు వీలు కల్పించినారు. ఇక కూలీలకు కరవుండదని సంతోషించిన రైతులున్నారు. కాని ప్రభుత్వపు పని ఆగినంత మాత్రమున తల్లి చంకలోని బిడ్డ దిగడు కదా!

పూర్వము ఆ బిడ్డను ఎవరు ఎత్తుకొనెడివారు? అక్క. ఎనిమిదేళ్ళ గుంట తమ్ముని చంకనేసుకొని గట్టు మీద కూర్చుండెడిది. బడిలో మధ్యాహ్న భోజనము వచ్చినది. 2009లో విద్యా హక్కు చట్టము వచ్చినది. 2020 జనవరిలో అమ్మ ఒడి, 2025 జూనులో తల్లికి వందనము పేరుతో హాజరును బట్టి తల్లి ఖాతాలో డబ్బు పడసాగినది. అక్క బడికి పోయినది. అది ఎంతో మంచిది, దానికి వగచువాడు లేడు. అయితే ఆమె చేసిన పనిని ఏ శాఖవారును అందుకొనలేదు. మిగిలినది అవ్వ. ఆమె తానే కూలికి పోవుచుండును, లేదా చెన్నపట్నమునకో, హైదరాబాదునకో కట్టడపు పనికి వలసపోయిన కొడుకు పిల్లలను సాకుచుండును.

అంగన్‌వాడీ ఉన్నది కదా అందురు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఆ పథకము మూడు నుండి ఆరేళ్ళ పిల్లలను కూర్చుండబెట్టి ఆటపాటలు నేర్పి, భోజనము పెట్టును. ఆరు నెలలు మొదలు మూడేళ్ళ లోపు బిడ్డకు సరకు ఇంటికిచ్చి పంపును గాని, వానిని రోజంతా చూచుకొనదు. పైగా కేంద్రము తెరచునది 9 గంటలకు, ఉభాల జట్టు మడిలో దిగునది 7 గంటలకు. చంటిపిల్లలను కూడ ఉంచుకొను అంగన్‌వాడీలకు 2022లో కేంద్ర ప్రభుత్వము పాల్నా అను పథకమును తెచ్చినది గాని, అవి ఊరూరా లేవు.

కాన్పు సంగతియు ఇట్లే ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 50 మందికి మించి స్త్రీలు పనిచేయు చోట పిల్లలకు గది ఉండవలెనన్నది, 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. 1961 నాటి ప్రసూతి చట్టము జీతముతో 12 వారముల సెలవిచ్చినది, 2017లో దానిని 26 వారములు చేసిరి. ఈ చట్టములన్నియు 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయినవి. మన జిల్లాలో అవి జనపనార మిల్లు గేటు దగ్గరనే ఆగిపోయినవి. గోగు కోసి, నీటిలో ఊరవేసి, నార తీసిన స్త్రీ గేటు బయటనే ఉండిపోయినది. ఆమెకున్నది 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండవ కాన్పున ఆడపిల్ల పుట్టినచో 6,000. కోల్పోయిన కూలికి కొంత పరిహారమని ఆ పథకము ఉద్దేశము. 2025-26లో మన రాష్ట్రపు ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 5,000 రూపాయలు 16 రోజుల కూలి. మిల్లు గేటు లోపల 182 రోజులు, బయట 16 రోజులు! బిడ్డకు మూడు నెలలు నిండకుండ తల్లి మడిలో దిగుట ఎందుకో ఈ రెండంకెలే చెప్పును. అప్పుడు పాలు మాన్పించక తప్పదు.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయరాదను 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ తీసివేసినది. జనాభా తగ్గుచున్నదని నాయకులు బెంగపడుచున్నారు. మంచిదే. కని ఎవరి చేతికీయవలెనో కూడ చెప్పిన బాగుండును.

ఇక మన చేతిలోనున్న పనులు. జట్టులోని పాలిచ్చు తల్లికి రెండుసార్లు విరామమీయుడు. బిడ్డకు 15 నెలలు వచ్చువరకు ఫ్యాక్టరీలో చట్టము ఇచ్చినది ఇదే. రైతుకు కానీ ఖర్చు లేదు. నలుగురు రైతులు కలిసి 20 మంది జట్టును పిలుచుకొన్నప్పుడు, నడుము వంగని పెద్దామెను ఒకామెను పిల్లల దగ్గర కూర్చుండబెట్టి నిండు కూలి ఈయుడు. ఖర్చు నూటికి అయిదు పెరుగును, అది నలుగురి మీద పడును. నాలుగు రోజులు ముదిరిన నారు వలన మీకు కలుగు నష్టముతో దానిని పోల్చి చూచుకొనుడు. ఉయ్యాల కట్టు చోటు నూతికి, చెరువు గట్టుకు దూరముగా ఉండవలెను. ఉదయమే పొదలు కొట్టి, పురుగు పుట్ర లేకుండ చూడవలెను. కాచి చల్లార్చిన నీరు బిందెతో పెట్టవలెను.

నాటిన 3 నుండి 5 రోజులలో ఇసుకలో కలిపి చల్లు కలుపు మందును గర్భిణులచేత, పాలిచ్చు తల్లులచేత చల్లించరాదు. ఎవరు చల్లినను చేతికి తొడుగు ఉండవలెను. మందు చల్లిన బట్టలతో బిడ్డను ఎత్తుకొనరాదు. ఈ మాట మీ ఇంటి కోడలికిని వర్తించును. బదులు పనికి ఆమెయు వెళ్ళుచున్నది కదా.

నాట్లకు బదులు ఎదలు జల్లుట, డ్రమ్ సీడరుతో విత్తుట మంచి పద్ధతులే. కూలీల అక్కర తగ్గును. కలుపును అదుపులో పెట్టగలిగినవారు చేయవచ్చును. కాని దానితో ఆడవారి కూలి రోజులును తగ్గునని తెలిసి చేయుడు.

వేసవిలో జరుగు గ్రామసభలో ఒక తీర్మానము వ్రాయించుడు. ఉభాల నెలన్నర అంగన్‌వాడీని 7 గంటలకే తెరవవలెననియు, రెండేళ్ళ పిల్లలను కూడ ఉంచుకొనవలెననియు, అందుకు అదనముగా ఒక ఆయాను, ఆమెకు జీతమును ఈయవలెననియు అందులో ఉండవలెను. ఉన్న కార్యకర్త మీదనే ఆ బరువు వేయరాదు. జట్టులో ఎందరు తల్లులున్నారు, ఏ బిడ్డకు ఎన్ని నెలలు అను పట్టికను తీర్మానమునకు జతచేసి, నారు పోయుటకు ముందే మండల కార్యాలయమున ఇచ్చి రసీదు తీసుకొనుడు.