స్పోర్ట్స్ కారుకు కొత్త చక్రాలు

సూరత్ మగ్గాలమీద బతుకు నిలబెట్టుకున్న మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు పిల్లలకు స్పోర్ట్స్ కార్ల మోజు. సూరత్ దగ్గరి కిమ్ వద్ద 48వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఆ మోజు ఇంకాస్త పెరుగుతుంది! మరి కారుకు కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, బయట దొరికే అల్లాయ్ వీల్స్ వేయించాలా?

అందం సంగతి తర్వాత. ముందు బోల్టుల అమరిక, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం మధ్యగీత నుంచి బోల్టులు బిగించే ముఖానికి ఉన్న దూరం), మోయగల బరువు సరిపోవాలి. ఆఫ్‌సెట్ తేడా వస్తే టైరు ఫెండర్‌కు రాసుకోవచ్చు. ఇక టైరు కొలత సంగతి. 205/55 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 632 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17ది 634. స్పీడోమీటరుకు పెద్ద తేడా రాదు. కానీ టైరు పక్కగోడ 113 మిల్లీమీటర్ల నుంచి 101కి తగ్గుతుంది. మలుపుల్లో పట్టు బాగుంటుంది, గుంతలో పడితే మాత్రం దెబ్బ నేరుగా రిమ్ముకే. మన వానాకాలపు రోడ్లు తెలిసిందే కదా!

పెద్ద చక్రం బరువెక్కితే కారు చురుకుదనమూ తగ్గుతుంది. అందుకే కొనేముందు తూకం అడగండి, ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, వారంటీ, బీమా షరతులు చదవండి. తేలికైనవి దొరక్కపోతే పాత చక్రాలకే మంచి టైర్లు వేయించండి.