వానలో కయోటీ



అమెరికాలో డల్లాస్ శివార్లలో మన తెలుగువాళ్లు చాలామంది కాపురముంటున్నారు. అక్కడి వాగుల వెంట చీకటి పడ్డాక ఊళ వినిపిస్తుంది. రెండే అరిచినా పెద్ద గుంపేదో ఉందనిపిస్తుంది. అది కయోటీ. మన నక్కకు దగ్గరి చుట్టం, దానికంటే కాస్త పెద్దది. 1823లో థామస్ సే అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని గ్రంథస్థం చేసేనాటికి పశ్చిమ మైదానాల్లో తిరిగేది. మనుషులు తోడేళ్లను తుడిచిపెట్టాక తూర్పు తీరం దాకా పాకింది. ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది.

గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని పెంపకందార్లకు దీనిమీద కోపం. మన దేశంలో నక్కను చంపడం నేరం. అక్కడ మాత్రం చాలా రాష్ట్రాల్లో ఏడాది పొడుగునా కయోటీని వేటాడవచ్చు.

వాన వెలిసిన పూట వేటగాళ్లకు ఇష్టం. తడిసిన ఆకులు కాలికింద చప్పుడు చెయ్యవు. ముసురులో ముడుచుకున్న జంతువు ఆకలితో బయటికొస్తుంది. వేటగాడు పొదచాటున కూర్చుని, గాయపడ్డ కుందేలు కూతను పిల్లంగోవి లాంటి చిన్న సాధనంతో ఊదుతాడు. కయోటీ తిన్నగా రాదు. చుట్టు తిరిగి, గాలి తనవైపు వీచే చోటికి చేరి, ముందు వాసన పట్టి చూస్తుంది. ఆ తెలివి నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

చేతిలో ఉండేది సన్న గొట్టపు రైఫిల్. రంధ్రం 6 మిల్లీమీటర్లు కూడా ఉండదు, తూటా బరువు మూడున్నర గ్రాములు. వానలో ప్రమాదమంతా ఆ సన్నదనంలోనే. వెడల్పు గొట్టంలోంచి జారిపోయే నీరు ఇందులో నిలిచిపోతుంది, చివర వేలితో మూసిన స్ట్రాలో కొబ్బరినీళ్లు నిలిచినట్టు. ఆ నీటిమీద తూటా పేలిస్తే ఒత్తిడి పెరిగి గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే తెలిసినవాళ్లు తుపాకీ మూతికి పల్చని టేపు అంటిస్తారు. తూటా కంటే ముందే గాలి ఆ టేపును చీల్చేస్తుంది. నీళ్లు దిగాయని అనుమానం వస్తే తూటాలు తీసేసి, బోల్టు తెరిచి, మూతి కిందికి వంచుతారు. వెనక నుంచి గాలి ఆడగానే నీళ్లు కారిపోతాయి.

ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. తేలిక తూటాను గాలి పక్కకు నెడుతుంది, తుపాకీమీది దుర్బిణి అద్దం వానకు మసకబారుతుంది. గురి తప్పి జంతువు గాయంతో పారిపోతే నెత్తుటి జాడను వాన నిమిషాల్లో కడిగేస్తుంది. అది ఏ పొదలోనో గంటల తరబడి బాధపడి చస్తుంది. జోరువానలో దూరం నుంచి పేల్చేవాణ్ణి నేను వేటగాడని ఒప్పుకోను. ప్రాణం తీయడాన్ని పందెంగా మార్చడమూ నాకు నచ్చదు. కయోటీలను చంపి బహుమతులు గెలుచుకునే పోటీలను కాలిఫోర్నియా 2014లో నిషేధించింది, మంచి పని చేసింది.

గొర్రెల్ని కాపాడుకోవాలంటే తుపాకీ ఒక్కటే దారి కాదు. గ్రేట్ పైరనీస్ జాతి కాపలా కుక్కలను పిల్లలుగా ఉన్నప్పటి నుంచే మందతో కలిపి పెంచే రైతులు అక్కడ చాలామంది ఉన్నారు. దట్టమైన తెల్లటి బొచ్చు కుక్కలవి. తుపాకీ పట్టడం కుదరని వాన రాత్రి కూడా మందను వదలవు.